తెర మీద లావెక్కిన మామిడి పిందె

ఆ నేత షావుకారు గారు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నా కంప్యూటరు బల్ల వెనక్కి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, వైర్లన్నీ వరసగా చూశారు.

"ఇందులో నెట్టుది ఏదండీ?"

చూపించాను.

"ఇది పీకేస్తే మీ ప్రోగ్రాం పని చేస్తుందాండీ?"

"చేస్తుందండి. దానికీ నెట్టుకీ సంబంధం లేదు."

"ఆయ్," అని అప్పుడు కూర్చున్నారు. కూర్చున్నాక కూడా ఒళ్ళో ఉన్న గుడ్డసంచి కింద పెట్టలేదు.

అమలాపురంలో మా మేడ మీది గదిలో కూర్చుని నేను డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాస్తుంటాను. కొబ్బరి వ్యాపారులకు బిల్లులు, ఒక కాలేజీకి హాజరు పట్టీలు, ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల వాళ్ళకి మేత లెక్కలు. అన్నీ అంకెలూ అక్షరాలే. బొమ్మలు చూపించి, వాటి మీద గీయనిచ్చే పని అంతవరకూ నా చేతికి రాలేదు. ఆ మాట ఆయనకు ముందే చెప్పాను. ఆయనకి అదే నచ్చినట్టుంది.

"అయితే ఇంకెవరి డిజైన్లూ మీ దగ్గర లేవన్నమాట," అన్నారు.

"లేవండి."

"రేపు ఇంకొకరు వస్తే నావి చూపించరు కదా?"

నాకు కోపం రావలసింది. రాలేదు. అనుమానం నాకూ పుట్టుకతో వచ్చింది. మా నాన్నగారు వేదం చెప్పుకున్నవారు. ఎవరు వల్లిస్తున్నా, ఎంత పెద్దవారు వల్లిస్తున్నా, ఎక్కడ స్వరం జారుతుందా అని తల వంచి వింటూ ఉండేవారు. నేను ప్రోగ్రాములు రాసేదీ అలాగే. తెర మీద సరిగ్గా కనిపించినంత మాత్రాన లోపల సరిగ్గా ఉందని నమ్మను.

ఆయన సంచిలోంచి ఒక గ్రాఫు కాగితం తీసి, సగం మడత మాత్రం విప్పారు. చిన్న చిన్న గళ్ళు, కొన్నింట్లో ఎర్ర రంగు. నిలువు వరసలు పడుగు పోగులు, అడ్డ వరసలు పేక పోగులు. రంగు ఉన్న చోట పోగు పైకి లేవాలి. ఆ కాగితం చూసుకుంటూ అట్టలకి చిల్లులు కొడతారు. ఆ అట్టల్ని మగ్గం మీద పోగులు లేపే జకార్డు యంత్రానికి ఎక్కిస్తే, చీర అంచులో పువ్వో నెమలో దానంతటది పడుతుంది. ఒక్క గడి తప్పితే అంచు పొడుగునా అదే తప్పు. కాగితాలు పాతబడి మడతల దగ్గర చిరుగుతున్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి, తెర మీదే మార్చుకోవాలి, కొత్తవి గీసుకోవాలి. ఆయన అడిగింది అంతే.

"ఇంకోటుందండి," అన్నారు వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి. "ఓసారి నా డిజైను మగ్గం దిగకముందే పక్కవాళ్ళ కొట్లో కనబడింది. ఎవరు ఎత్తుకెళ్ళేరో ఇప్పటిదాకా తెలీదు. అందుకని ఇంత అడుగుతున్నాను. ఏవనుకోకండి."

వాళ్ళ ఊరు అమలాపురం నుంచి ఆటోలో వెళ్ళేంత దూరం. ముందు గదిలో కంప్యూటరు, వెనక పెద్ద రేకుల షెడ్డులో మగ్గాలు. షెడ్డు గుమ్మం పక్కన గోడకి వరసగా మేకులు, ప్రతి మేకుకీ ఒక చిన్న సంచి. నేతవాళ్ళు లోపలికి వెళ్ళే ముందు ఫోన్లు ఆ సంచుల్లో వేసి వెళ్ళాలి. నన్నూ వేయమన్నారు. వేశాను.

షావుకారు గారి భార్య నాకు మొదటిరోజే నచ్చారు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. రంగులు ఎంచేది ఆవిడే. ఏ ఎరుపు పక్కన ఏ పసుపు ఉండాలో ఆవిడ చెప్పాకే నూలు కొనేవారు. ఆ సంగతి షావుకారు గారు బయట ఎప్పుడూ చెప్పుకోలేదు, ఆవిడా చెప్పుకోలేదు. షెడ్డులో ఒక మూల అట్టలు కొట్టే ఆయన ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఏ మాటకైనా ముందు తల ఊపి తర్వాత జవాబిచ్చే మనిషి. షావుకారు గారి తండ్రి ఉన్న రోజుల నుంచీ ఆ ఇంట్లోనే పని. నేను కంప్యూటరు దగ్గర కూర్చున్నప్పుడు అందరూ వచ్చి చూసేవారు గానీ ఆయన మాత్రం గుమ్మం దాటి ముందు గదిలోకి వచ్చేవాడు కాదు. ఎందుకు రాడా అని నాకూ ఒకసారి అనిపించింది.

మా పనిలో కంట్రోలు అంటే తయారుగా దొరికే ఒక ముక్క. కిటికీలో, అంటే తెర మీద తెరుచుకునే విండోలో, పెట్టుకునే మీట ఒక కంట్రోలు, పేరు రాసుకునే గడి ఒక కంట్రోలు. బొమ్మలకీ అలాగే రకరకాలు ఉన్నాయి. అన్నిటికన్నా తేలికది బొమ్మను చూపిస్తుంది, అంతే. గోడకి తగిలించిన పటంలాగా దాని మీద ఏమీ గీయలేం. అది పనికిరాదని వెంటనే తేలిపోయింది. రెండో దారి, అసలు కంట్రోలు లేకుండా కిటికీ మీదే నేరుగా గీయడం. అది చాలా వేగంగా ఉంటుంది. మొదటి నమూనా అలా చేసి తీసుకెళ్ళాను.

షావుకారు గారు మౌసు పట్టుకుని, అంచు డిజైనులో ఉన్న మామిడి పిందె కింద ఒక తొడిమ గీశారు. గీత బాగానే వచ్చింది. ఆయన మొహంలో మొదటిసారి సంతోషం చూశాను. ఇంతలో ఏదో లెక్క గుర్తొచ్చి క్యాలిక్యులేటర్ తెరిచారు. లెక్క చూసుకుని దాన్ని మూసేశారు. తొడిమ సగం లేదు.

"ఇదేటండీ?"

"అది..."

"నేను గీసేను. మీరూ చూసేరు. ఎవరు తుడిచేరు?"

"ఎవరూ తుడవలేదండి. పైన ఇంకో కిటికీ వచ్చి పడింది కదా. అది పోయాక కింద ఏముండేదో కంప్యూటరుకి గుర్తులేదు. కిటికీ మీద గీసింది నీటి మీద రాత లాంటిది."

"గుర్తులేదా," అన్నారాయన నెమ్మదిగా. "మరి గుర్తుపెట్టుకోనిదాన్ని నా ఇంట్లో ఎందుకు పెట్టేరండీ?"

ఇంటికి వచ్చి పిక్చర్ బాక్స్ అనే కంట్రోలు పెట్టాను. ఇది కాస్త బరువైనది, నిదానం కూడా. కానీ దీనికి తనదంటూ ఒక బొమ్మ ఉంటుంది. గీసే గీతను తెర మీద కాక ఆ బొమ్మలోనే గీస్తే, ఎన్ని కిటికీలు వచ్చి పడినా మళ్ళీ ఆ బొమ్మను చూసుకుని తిరిగి గీసుకుంటుంది. తీసుకెళ్ళి చూపించాను. ఆయన తొడిమ గీసి, క్యాలిక్యులేటరు తెరిచి మూసి, ఇంకో రెండు కిటికీలు తెరిచి మూసి, చివరికి కంప్యూటరు ఆపేసి మళ్ళీ వేసి చూశారు. తొడిమ ఉంది. అప్పుడు గానీ నాకు మజ్జిగ రాలేదు.

అయితే ఇంకో పేచీ వచ్చింది. బొమ్మ తెరలో మధ్యన సన్నగా, నిలువుగా కనిపిస్తోంది. రెండు పక్కలా ఖాళీ.

"ఈ ఖాళీ ఎందుకండీ? తెర నిండా చూపించలేరా? నా కళ్ళకి ఆనడం లేదు."

చూపించవచ్చు. ఆ కంట్రోలుకి ఒక అమరిక ఉంటుంది, బొమ్మను సాగదీసి పెట్టె నిండా పరుస్తుంది. కాకపోతే పొడుగాటి బొమ్మ వెడల్పాటి పెట్టెలో పడితే అడ్డంగా సాగుతుంది. "పిందె లావుగా కనబడుతుందండి, మరి," అన్నాను. "కనబడితే కనబడనీండి, గళ్ళ లెక్క మారదు కదా?" అన్నారు. నిజమే, మారదు. కంటికి లావుగా ఉన్నా ఫైల్లో గళ్ళు గళ్ళే. కాగితం మీదికి ప్రింటు తీస్తే సరైన కొలతే వస్తుంది. అట్టలు కొట్టే ఆయనకు వెళ్ళేది ఆ ప్రింటే. సరేనని అమరిక మార్చాను.

మామిడి పిందె తెర నిండా పరుచుకుంది. లావుగా, బొద్దుగా, కడుపు నిండిన పసిపిల్లలా. పిన్నిగారు వెనకనుంచి చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఎంత ముద్దుగా ఉందండీ," అన్నారు.

కొన్నాళ్ళు అలాగే నడిచింది. తర్వాత డిజైన్లు పెద్దవయ్యేసరికి కంట్రోలు మరీ నెమ్మదించింది. మౌసు ఒకచోట ఉంటే గీత ఇంకోచోట పడేది. ఇక నేనే మొదటి నుంచీ రాయాలి, లేదా తయారుగా ఉన్నదేదైనా తెచ్చుకోవాలి. ఇంటర్నెట్‌లో వెతికితే ఒక కంట్రోలు దొరికింది. ఎవరో చేసి ఉచితంగా పెట్టారు. పెద్దది చేసి చూపిస్తుంది, గళ్ళు వేస్తుంది, కొలత తప్పకుండా సరైన పాళ్ళలో చూపిస్తుంది, గీసింది వెనక్కి తీసుకోనిస్తుంది. ఇన్ని పనులు ఊరికే ఎందుకిచ్చారా అని నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. కానీ పని తొందర. దాన్నే అమర్చి ఇచ్చాను. పిందె సన్నబడి అసలు రూపానికి వచ్చింది. ఖాళీ సంగతి షావుకారు గారు మళ్ళీ ఎత్తలేదు. గళ్ళు ఇప్పుడు పెద్దవిగా కనబడుతున్నాయి, అది చాలన్నారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు. నమస్కారం లేదు, ఏమీ లేదు.

"మీరోసారి రావాలండి."

వెళ్ళేసరికి ఆయన ముందు గదిలో నిలబడి ఉన్నారు. కంప్యూటరుకి గుడ్డ కప్పేసి ఉంది.

"కొత్తపేట కొట్లో నా పిందె చీర వేలాడుతోందండి. మా నూలు తెచ్చే అతను కళ్ళారా చూసి వచ్చి చెప్పేడు. నాదింకా మగ్గం మీదే ఉంది."

"అదే డిజైనని ఎలా తెలుసండీ?"

"పిందె లోపల పిందె, దాని చుట్టూ మల్లెమొగ్గ. నేను గీసేను. నాకు తెలీదా?" కంప్యూటరు మీది గుడ్డ సర్దారు. "అట్టలు కొట్టేవాణ్ణి మానిపించేను."

నేను ఉలిక్కిపడ్డాను. "ఆయన తీసినట్టు ఎవరన్నా చూశారాండీ?"

"కాగితం వాడి చేతికి వెళ్తుంది. నేను వాడికిచ్చిన కాగితం ప్రతిసారీ తిరిగి తీసుకుంటాను, నిజమే. కానీ ఇంటికి వెళ్ళి తలకాయలోంచి మళ్ళీ గీసి ఉండొచ్చు కదండీ?"

"ఆయన ఏమన్నారు?"

"ఏవీ అనలేదు. తల ఊపి, సుత్తీ అదీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయేడు. దొంగ కాకపోతే తగువాడతాడు కదండీ."

పిన్నిగారు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. ఆవిడ మొహం తెల్లబోయి ఉంది. పాతకాలం నుంచీ ఉన్న మనిషిని పంపేసినందుకు అనుకున్నాను.

ఇంటికి వచ్చాను. నా అనుమానం వేరే చోట ఉంది. ఊరికే దొరికిన ఆ కంట్రోలు. షావుకారు గారి కంప్యూటరుకి ఎప్పుడూ నెట్ ఉండదు. అయితే జీఎస్టీ కట్టడానికి ఆడిటరు దగ్గరి కుర్రాడు వచ్చినప్పుడు తన ఫోన్ నుంచి కలుపుతాడు. ఆ కాసేపట్లో చాలా జరగవచ్చు. నా కంప్యూటర్లో ఒక కాపలా ప్రోగ్రాము పెట్టి, ఏది బయటికి వెళ్తున్నా ఆపి నన్నడగమన్నాను. తర్వాత, ప్రోగ్రాము సరిచూసుకోవడానికని షావుకారు గారు ఇచ్చిన ఆ పిందె డిజైను తెరిచాను.

తెరవగానే కాపలా ప్రోగ్రాము ఆపింది. ఆ కంట్రోలు ఎక్కడో ఉన్న ఒక చిరునామాతో మాట్లాడబోతోంది.

బొమ్మలు చూపించడానికి వచ్చినదానికి బయటివాళ్ళతో మాటలేమిటి? మా ఆయన కాలేజీ నుంచి వచ్చి, పలకరించి, నా మొహం చూసి పక్కన కూర్చున్నారు. ఆయన తెలుగు చెప్పే లెక్చరరు, ఈ గొడవలు తెలియవు. అయినా ఒకటి అడిగారు. "ఏం చెప్పబోతోందో వినలేమా?"

వినవచ్చు. వెళ్ళనిచ్చి, వెళ్ళేదేమిటో మధ్యలో పట్టుకుని చదివాను. ఒకే ఒక చిన్న వాక్యం. నేను ఫలానా వెర్షను, నాకన్నా కొత్తది ఏమైనా వచ్చిందా, అని అడుగుతోంది. అంతే. బొమ్మ లేదు, ఫైలు పేరు కూడా లేదు. మళ్ళీ తెరిచాను, గీశాను, దాచాను, మూశాను. ప్రతిసారీ అదే ప్రశ్న, ఇంకేమీ లేదు. ఊపిరి పీల్చుకున్నాను గానీ పూర్తిగా కాదు. ఇవాళ ఒక మాటే అంది, రేపేమంటుందో? దాన్ని తీసేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ముందు ఆ చీర చూడాలనిపించింది. మర్నాడు బస్సెక్కి కొత్తపేట వెళ్ళాను. కొట్టు పేరు నూలు తెచ్చే అతను చెప్పాడు. చిన్న కొట్టే. గుమ్మంలోనే చీర వేలాడదీశారు. ఆకుపచ్చ మీద ఎర్ర అంచు. కొట్టాయన మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"కొత్త మాలండి. అమ్మాయిలకి బాగా నచ్చుతుందండి."

"ఎక్కడ నేయిస్తారండీ?"

"మన వాళ్ళేనండి," అని నవ్వి ఊరుకున్నాడు.

అంచు చేతిలోకి తీసుకుని చూశాను. పిందె లోపల పిందె, చుట్టూ మల్లెమొగ్గ. షావుకారు గారు అన్నది నిజం. అయినా ఏదో తేడాగా ఉంది. మొగ్గలు గుండ్రంగా ఉండాల్సింది పోయి అడ్డంగా నొక్కినట్టున్నాయి. పిందె పొట్టిగా, బొద్దుగా, కడుపు ముందుకు వచ్చి ఉంది.

ఆ బొద్దు పిందెను నేను ఇంతకుముందు చూశాను. చీర కొని, కవరు ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. దారి పొడుగునా కిటికీలోంచి కొబ్బరితోటలు వెళ్తున్నా నాకు కనిపిస్తున్నది ఆ పిందే.

ఇంటికి రాగానే పాత ప్రోగ్రాము తీసి తెరిచాను. పిక్చర్ బాక్స్ తెర నిండా పరిచింది. చీర అంచు తెర పక్కన పట్టుకున్నాను. అదే కడుపు, అదే నొక్కిన మొగ్గలు. ఫైలు దొంగిలించి ఉంటే, సరైన కొలత వచ్చేది. ప్రింటు చూసి గీసి ఉంటే, సరైన కొలతే వచ్చేది. ఇలా లావుగా ఒక్కచోటే కనిపించింది, ఆ మొదటి రోజుల్లో షావుకారు గారి ఇంటి తెర మీద. ఆ తెరను కళ్ళతోనో ఫోన్‌తోనో పట్టుకున్నవాళ్ళే దీన్ని నేయించారు. అట్టలు కొట్టే ఆయన ముందు గదిలోకే రాలేదు.

షావుకారు గారికి ఫోన్‌లో చెప్పలేదు. మర్నాడు చీరా నా ల్యాప్‌టాపూ తీసుకుని వెళ్ళాను. చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. వేలితో చీర మీది పిందెను, తర్వాత తెర మీది పిందెను కొలిచారు.

"అయితే వాడు కాదంటారు."

"కాదండి. ఆయన చూసిన పిందె సన్నది."

"ఆయ్." తర్వాత నా ల్యాప్‌టాప్ వైపు చూశారు. "ఈ లావు పిందె మీ ఇంట్లో కూడా ఉందన్నమాట, ఇప్పుడు మీరు చూపించినట్టు."

ఏమంటున్నారో అర్థం కావడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"బాబాయ్ గారూ, నేను దొంగనైతే ఈ చీర కొని మీ ఇంటికి ఎందుకు తెస్తానండీ?"

"నేను మిమ్మల్ని ఏవన్నానండీ? ఉందా అని అడిగేను."

"అడగడమే అనడమండి."

లేచి నిలబడ్డాను. చీర అక్కడే వదిలేసి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటున్నాను. అప్పుడు పిన్నిగారు వంటింట్లోంచి వచ్చారు. చేతిలో ఫోన్ ఉంది. నా చేతికివ్వలేదు, ఆయన చేతికీ ఇవ్వలేదు. బల్ల మీద, చీర పక్కన పెట్టి వెనక్కి తగ్గారు.

ఫోన్‌లో ఒక ఫొటో. ముందు గదిలోని తెర, తెర నిండా పిందె. అద్దం మీద పిన్నిగారి నీడ కూడా పడింది.

"నేనే తీసేనండి," అన్నారావిడ. "ఆ రోజు మీరు తెర నిండా పరిచి వెళ్ళేక. ఎంతో ముద్దుగా అనిపించింది. మా చెల్లికి పంపించేను. రంగులు ఎలా ఉన్నాయో చెప్పవే అని. అది చూసి మురిసిపోయి ఫోన్ స్టేటస్‌లో పెట్టుకుంది. మా అక్కా వాళ్ళ కొత్త డిజైను అని రాసి మరీ పెట్టుకుంది. తీసెయ్యమని నేను చెప్పేటప్పటికి చూసేవాళ్ళు చూసేరు."

షావుకారు గారు భార్య వైపు చూడలేదు. "ఎప్పుడు తెలుసు నీకు?"

"కొత్తపేట చీర మాట వచ్చిన రోజే అనుమానం వచ్చింది. చెబుదామనుకునేలోగా మీరు అతన్ని మానిపించేసేరు. ఇంక నోరు రాలేదు."

"మేకుకి ఫోన్లు తగిలించమని ఊరందరికీ చెప్పేను," అన్నారాయన. "ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు."

ఆవిడ ఏడవలేదు. కానీ ఒక మాట అన్నారు, అది ఆయన కోసం అన్నదో నా కోసం అన్నదో తెలియదు. "ఆ ఎరుపు పక్కన ఆ పసుపు నేను పెట్టిందేనండి. ఒక్కళ్ళకైనా చూపించుకోవాలనిపించింది."

షావుకారు గారు లేచి షెడ్డులోకి వెళ్ళిపోయారు. మగ్గాల చప్పుడు యథాప్రకారం వినిపిస్తూనే ఉంది. నేను సంచి కింద పెట్టి పిన్నిగారి పక్కన కూర్చున్నాను. వెళ్ళొస్తానని లేచినప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మిమ్మల్ని అలా అన్నందుకు నాకు తలకాయ తీసేసినట్టయిందండి," అన్నారు.

తర్వాతి కొన్ని వారాలు ఊరికే దొరికిన ఆ కంట్రోలును తీసేసి, ఖాళీ పలక లాంటి ఒక పానెల్ తీసుకుని, గీయడమంతా నేనే రాసుకున్నాను. గీసిన ప్రతి గడినీ గుర్తుంచుకునేదీ నేనే, కిటికీ తెరిచినప్పుడల్లా తిరిగి గీసేదీ నేనే, పాళ్ళు తప్పకుండా చూసేదీ నేనే. పని పెరిగింది, కానీ లోపల ఏముందో నాకు తెలుసు. షావుకారు గారికి అమర్చి ఇచ్చాను. ఆయన మర్యాదగానే ఉన్నారు, నేనూ అలాగే ఉన్నాను. మునుపటి చనువు మాత్రం ఇద్దరిలోనూ లేదు.

ఆ రోజు పని అయ్యాక ఆయనే అడిగారు. "అట్టలు కొట్టేవాడింటికి వెళ్దామనుకుంటున్నానండి. మీరూ వస్తే బావుంటుంది. ఆ లావూ సన్నం సంగతి మీరైతే వివరంగా చెబుతారు."

వెళ్ళాం. కాలువ అవతలి పేటలో ఇల్లు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, రండి రండి అని చాప వేసి, కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చాడు. నేను జరిగిందంతా చెప్పాను. విన్నంతసేపూ తల ఊపాడు.

షావుకారు గారు బొండాం పక్కన పెట్టి, "పొరపాటు నాదేనయ్యా. మళ్ళీ వచ్చెయ్," అన్నారు.

"మీరు వచ్చేరు, చాలండి," అన్నాడాయన. "నాకు వేరే చోట కుదిరిందండి."

"నా దగ్గర ఎప్పుడైనా లోటు చేసేనా?"

"లేదండి. మీ నాన్నగారి కాలంలో కూడా లోటు లేదు. కానీ నన్ను వెళ్ళమన్నప్పుడు మీరు నా మొహం కూడా చూళ్ళేదండి. సంచీ మాత్రం చూసేరు, అందులో ఏవన్నా తీసుకెళ్తున్నానేమో అని. ఇంక మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేనండి. ఏవనుకోకండి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే షావుకారు గారు బతిమాలుకునేవారేమో. ఇద్దరూ కాసేపు ఈ ఏటి వర్షాల గురించి, నూలు ధర గురించి మాట్లాడుకున్నారు. లేచి వస్తూ ఉంటే షావుకారు గారు మామూలుగా అడిగినట్టే అడిగారు.

"ఎక్కడ కుదిరింది పని?"

"కొత్తపేటండి."

తిరిగి ఆటో ఎక్కాం. కాలువ గట్టు మీదికి వచ్చాక, ఆయన నా వైపు తిరగకుండానే అన్నారు.

"కొత్తపేటలోనే ఎందుకు కుదిరిందంటారు?"

ఒళ్ళు మండిపోయింది. "మీరు మానిపించేరు కాబట్టండి," అన్నాను. "ఇంకెక్కడ దొరుకుతుందో చెప్పండి. ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళాడు."

ఆయన కాలువ వైపే చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ ఇంటి ముందు ఆటో ఆగింది. దిగి, పంచె సర్దుకుని, "నిజవేనండి," అన్నారు. ఆ మాట నమ్మి అన్నారో, నన్ను సాగనంపడానికి అన్నారో ఆయన మొహం చూసి నేను చెప్పలేకపోయాను. ఆటో తిరిగి అమలాపురం దారి పట్టేవరకూ ఆయన లోపలికి వెళ్ళకుండా గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.